పోలీసుల దెబ్బలు ఎప్పుడూ కొందరికే ఎందుకు పడతాయి?

పోలీసులు ముస్లింలు, దళితులు, సంచార జాతుల వాళ్ల మీదే ఎక్కువగా ఎందుకు చెయ్యి చేసుకుంటారు, దానివల్ల చివరికి జరిగేదేంటి అని అడిగారు. నేను తెలంగాణలో ఒక జిల్లా కోర్టులో లాయర్‌గా క్రిమినల్ కేసులు చూస్తుంటాను, అక్కడ చూసిందే రాస్తున్నా.

ద్వేషం ఉంది, కాదనను. "ఆ బస్తీ వాళ్లంతే" అనే మాట నా ముందే అన్నవాళ్లున్నారు. ఎరుకల వాళ్లను బ్రిటిష్ వాళ్లు పుట్టుకతోనే దొంగలని చట్టం చేసి ముద్ర వేశారు. 1952లో ఆ చట్టం పోయింది గానీ స్టేషన్లో ఆ చూపు పోలేదు. అయితే నన్నడిగితే అసలు కారణం రికవరీ, అంటే దొంగసొత్తు దొరికిందని చూపించడం. పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు, కానీ నిందితుడు చెప్పిన మాట వల్ల దొంగసొత్తు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. 1872 నాటి సాక్ష్యాల చట్టంలో 27వ సెక్షన్ ఇదే, 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంలోనూ అలాగే ఉంచారు. పైనుంచి ఒత్తిడి ఉంటుంది, సొత్తు చూపించాలి, వేలిముద్రలూ ఫోన్ రికార్డులూ అంటే టైం పడుతుంది, లాఠీ అయితే ఒక్క రాత్రి. మరి ఎవర్ని కొట్టాలి? ఎవరి కోసం ఎమ్మెల్యే ఫోన్ చెయ్యడో వాడిని.

వెల్డింగ్ షాపులో పనిచేసే ఒక ముస్లిం కుర్రాణ్ణి రిమాండ్‌కి తెచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని, పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. ఆదివారం రాత్రి ఇంట్లోంచి లాక్కెళ్లారని తండ్రి అంటాడు, రిపోర్టులో మాత్రం బుధవారం పొద్దున బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నామని రాశారు, ఎందుకంటే అరెస్టైన 24 గంటల్లోపు కోర్టులో పెట్టాలి కదా. పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేట్ అడిగారు. వాడు తలుపు దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్ వైపు చూసి "లేదు సార్" అన్నాడు. మళ్లీ అదే స్టేషన్‌కి సంతకాలకి వెళ్లాల్సినవాడు ఇంకేమంటాడు? మేం పట్టుబట్టి డాక్టర్‌కి చూపించమని అడిగాం. కేసు కొట్టేశారు. కానీ వాడి కుడి మణికట్టు ఇప్పటికీ సరిగ్గా తిరగదు, వెల్డింగ్ మానేశాడు.

వీడు బతికాడు, అందరికీ ఆ అదృష్టం లేదు. 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో మరియమ్మ అనే దళిత మహిళ చనిపోయింది, వంట చేసే ఇంట్లో డబ్బు పోయిందని పట్టుకెళ్లారు. 2023లో మెదక్ పోలీసులు ఖదీర్ ఖాన్‌ని గొలుసు దొంగ అనుకుని తీసుకెళ్లారు, బయటికొచ్చిన కొద్దిరోజులకే గాంధీ ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

ఇక ఇలా కొట్టడం వల్ల దర్యాప్తు ఏమవుతుందో చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. వెంటనే పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లి కరెంటు షాకులిచ్చారని వాళ్లే చెప్పారు. వాళ్లకీ ఆ పేలుడుకీ సంబంధం ఉందని రుజువు కాలేదు, తర్వాత ప్రభుత్వమే నష్టపరిహారం ఇచ్చింది. సీబీఐ, ఎన్ఐఏ చివరికి వేరే వాళ్ల మీద కేసు పెడితే 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అంటే అన్ని ప్రాణాలు పోయినా శిక్ష పడింది ఎవరికీ లేదు. దెబ్బలు తిన్న ఇంటి పక్కవాళ్లు రేపు ఏదైనా చూసినా సాక్ష్యానికి రారు, నా కేసుల్లో ఇది మామూలైపోయింది.

మీవాళ్లను ఎవరినైనా పట్టుకెళ్తే అదే రాత్రి ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కి ఈమెయిల్ పెట్టండి, తీసుకెళ్లిన టైం అందులో రాయండి, తర్వాత వాళ్లు తేదీ మార్చడం కష్టమవుతుంది. రిమాండ్ రోజే వైద్య పరీక్ష అడగండి. స్టేషన్ సీసీటీవీ రికార్డింగ్ దాచి ఉంచమని కోర్టులో పిటిషన్ వెయ్యండి, స్టేషన్లన్నింటిలో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరా పాడైందంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి.