ఇటలీలో కారు తీసుకునే ముందు

అల్లుడూ,

ఆశీస్సులు. ఇటలీలో కారు అద్దెకు తీసుకుంటారని అక్క చెప్పింది. మంచిదే. రోమ్, ఫ్లోరెన్స్‌లలో మటుకు వద్దు, అక్కడ రైలే సుఖం. టస్కనీ పల్లెలకు పోయే రోజున తీసుకోండి.

అనంతపురం ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఇప్పుడే పెట్టు. ఫీజు 1000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. అది చేతికొచ్చింది కదా అని అసలు లైసెన్సు ఇంట్లో పెట్టి పోయేవు, రెండూ చూపించాలి. డిపాజిట్ కింద కొంత డబ్బు బ్లాక్ చేస్తారు కాబట్టి నీ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలి. బావగారి కార్డు ఒప్పుకోరు. అమ్మాయి కూడా నడిపేటట్టయితే తన పేరూ రాయించు. గేర్లు లేని కారు కావాలంటే ముందే బుక్ చెయ్యి, అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండే.

కౌంటర్‌లో అదనపు ఇన్సూరెన్స్ అంటగడతారు. డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే. గీత పడితే మన చేతి నుంచి ఎంత కట్టాలి, టైర్లు, అద్దాలు లెక్కలో ఉన్నాయా అని అడిగి, జవాబు కాగితంలో చూసిన తర్వాతే సంతకం పెట్టు. తాళం తీసుకోగానే కారు చుట్టూ వీడియో తియ్యి. బంపర్ కింద, చక్రాల రిమ్ములు, పెట్రోలు ముల్లు, అన్నీ పడాలి. సెల్లార్‌లో చీకటిగా ఉంటే వెలుతురులోకి తెచ్చి తియ్యి. వాళ్లు తొందరపెడతారు, పెట్టనీ. తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకోసారి.

పాత ఊళ్ల నడిబొడ్డున తెల్ల బోర్డు మీద ఎర్రటి గుండ్రం, 'జెడ్‌టీఎల్' (ZTL, అంటే అందరి బండ్లనూ రానివ్వని ప్రాంతం) అని కనబడితే అక్కడే ఆగిపో. అనుమతి లేని బండి లోపలికి పోతే కెమెరా పట్టేస్తుంది. ఆ ఫైన్ నువ్వు ఊరికొచ్చిన తర్వాత వస్తుంది, అద్దె కంపెనీవాళ్లు తమ ఖర్చు కింద కార్డులో విడిగా లాగుతారు. హైవే టోల్ దగ్గర పసుపు రంగు టెలిపాస్ లైన్‌లోకి పోవద్దు, అది మన ఫాస్టాగ్ లాంటిది.

అక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. నువ్వు మారుతికి అలవాటు పడినోడివి, ఇండికేటర్ వేద్దామంటే వైపర్లు ఆడతాయి. దానికేం నవ్వుకోవచ్చు. అసలు భయం రద్దీలో కాదు, ముందు బండిని చూసి పోతాం. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, పెట్రోలు బంకు నుంచి బయటికొచ్చేటప్పుడు చెయ్యి దానంతటదే ఎడమకు తిప్పుతుంది. పక్కన కూర్చున్న అమ్మాయిని "కుడి, కుడి" అని గట్టిగా చెప్పమను.

150 సెంటీమీటర్లు దాటని పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, పాప కోసం అద్దె కంపెనీకి ఇప్పుడే చెప్పిపెట్టు. దిగిన రోజే బండెక్కొద్దు, ఆ రాత్రి నిద్రపోండి. బుకింగ్ కాగితం నాకు వాట్సాప్‌లో పంపు, చూస్తాను.

మీ మామ