ఇంజిన్ల టోర్నీ సరే, ఆ ఫైలు ఎవరిచ్చారు?

"సార్, మేం రాజాంలో ఇంజినీరింగ్ చదువుతున్నాం. హాస్టల్లో నలుగురం కలిసి చెస్ ఇంజిన్ల మధ్య, అంటే చెస్ ఆడే ప్రోగ్రాముల మధ్య, టోర్నమెంట్ పెట్టాం. ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ. టెలిగ్రామ్ గ్రూపులో 30 ఇంజిన్లున్న జిప్ ఫైలు దొరికింది, కొన్నిటి మీద 'ప్రీమియం క్రాక్' అని ఉంది. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని అందులోనే రాసుంది, అలాగే చేశాం. ఇప్పుడు కొన్ని ఇంజిన్లు గెలిచే పొజిషన్‌లో టైమ్ అయిపోయి ఓడిపోతున్నాయి. రెండు మొదలవగానే ఆగిపోతున్నాయి. సెట్టింగుల్లో ఏం మార్చాలి?"

టైమ్ సంగతి తర్వాత చూద్దాం, తమ్ముడూ. మీరు మధ్యలో మామూలుగా చెప్పేసి దాటిపోయిన మాట ఒకటుంది, యాంటీవైరస్ ఆపేశామని. ఈమధ్య శ్రీకాకుళం నుంచి, బొబ్బిలి నుంచి వచ్చిన ఉత్తరాల్లోనూ ఇదే మాట. అందరూ అడిగేది సెట్టింగుల గురించే. ఆ జిప్ ఫైలు తయారుచేసిందెవరని ఒక్కరూ అడగలేదు.

బోర్డు, గడియారం, టోర్నీ పట్టిక ఇవన్నీ అరీనా, క్యూట్ చెస్ లాంటి ప్రోగ్రాములు చూసుకుంటాయి. ఎత్తులు ఆలోచించే ఇంజిన్ మాత్రం తెర వెనక నడిచే ఒక ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే తెరవగానే పని మొదలుపెట్టే ప్రోగ్రాం. 2000లో స్టెఫాన్ మేయర్ కాలెన్, రుడాల్ఫ్ హూబర్ రూపొందించిన యూసీఐ పద్ధతి ప్రకారం బోర్డు ప్రోగ్రాం పొజిషన్ పంపుతుంది, ఇంజిన్ తన ఎత్తు చెబుతుంది. ఈలోగా అది ఇంకేం చేస్తోందో బోర్డు ప్రోగ్రాం చూడదు, చూసే ఏర్పాటే లేదు. మీ ల్యాప్‌టాప్‌లో మీరు ఏ ఫైలు తెరవగలరో ఆ ఇంజిన్ కూడా దాన్ని తెరవగలదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, స్కాలర్‌షిప్ కోసం స్కాన్ చేసి పెట్టుకున్న ఆధార్, నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్ అన్నీ అందులోకే వస్తాయి. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంట్లో పడుకోబెట్టి, కాపలా కుక్కని బయట కట్టేసినట్టయింది మీరు చేసిన పని.

చెస్ ఇంజిన్ల విషయంలో నాకు ఇంకో భయం ఎక్కువ. మామూలు ప్రోగ్రాం ముసుగులో క్రిప్టో మైనర్, అంటే మన కంప్యూటర్‌తో ఎవడికో క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే దొంగ ప్రోగ్రాం, దూరితే ఫ్యాను మోత చూసో, కంప్యూటర్ నెమ్మదించడం చూసో ఎవరైనా పసిగడతారు. టోర్నీ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ వంద శాతం వాడకంలో ఉండటం మామూలే. ఫ్యాను రాత్రంతా మోగడమూ మామూలే. టాస్క్ మేనేజర్ తెరిచి చూసినా ఏ అనుమానమూ రాదు. మైనర్ దాక్కోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. మీ ఇంజిన్లు టైమ్ అయిపోయి ఓడిపోవడానికి అదే కారణమైనా ఆశ్చర్యపోను.

నిజమైన ఇంజిన్లని కూడా యాంటీవైరస్ అప్పుడప్పుడూ పొరపాటున పట్టుకుంటుంది. కొత్తగా కంపైల్ చేసినవి, డిజిటల్ సంతకం లేనివి అయితే మరీను. ఆ సంగతి తెలిసిన మోసగాళ్లే "ఇది ఫాల్స్ అలారం, ఆపేయండి" అని రాసిపెడతారు. అలా రాసి ఉంటే ఆ ఫైలు తీసేయండి. ఇంజిన్ కావాలంటే దాన్ని తయారుచేసే ప్రాజెక్టు సొంత సైటుకో, కోడు ఉంచే గిట్‌హబ్ సైటులో దాని పేజీకో వెళ్లండి. దించుకున్నాక కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఆ ఫైలు ఎస్‌హెచ్‌ఏ 256 విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటిది) తీసి, పేజీలో ఇచ్చిన విలువతో సరిపోల్చండి. రెండూ ఒకటే అయినా యాంటీవైరస్ అరుస్తుంటే, ఆ ఒక్క ఫైలుకి మినహాయింపు ఇవ్వండి. మొత్తంగా ఆపాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

అసలు ఆ జిప్‌లో "ప్రీమియం క్రాక్" అని ఉన్నవి ఏంటి? స్టాక్‌ఫిష్ ఉచితం. లీలా చెస్ జీరో ఉచితం. రెండింటి సోర్స్ కోడూ అందరికీ అందుబాటులో ఉంది. ప్రపంచంలోనే బలమైన ఇంజిన్లు ఊరికే దొరుకుతుంటే క్రాక్ చేయడానికి ఏముంది? స్టాక్‌ఫిష్‌కి పేరు మార్చి, లోగో మార్చి తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తమ కోడుని లైసెన్సుకి విరుద్ధంగా అమ్ముకుంటున్నారని స్టాక్‌ఫిష్ బృందం 2021లో జర్మనీలో కోర్టుకే వెళ్లింది, 2022 నవంబరులో రాజీ కుదిరింది. మీ 30 ఇంజిన్లలో పది ఒకటే అయితే ఆ పట్టికలో ఎవరు ఎక్కడున్నా దానికి విలువ లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేయండి. మీ నలుగురిలో ఎవరెవరు అందులో లాగిన్ అయ్యారో వాళ్లంతా ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. పాస్‌వర్డ్ మారిస్తే చాలదు, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. లాగిన్ అయి ఉన్న సెషన్‌ని ఎత్తుకుపోయినవాడికి పాస్‌వర్డ్‌తో పనిలేదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైజ్‌లు కూడా చూసుకోండి. తర్వాత రికార్డులు, ఫొటోల్లాంటి సొంత ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని విండోస్ మళ్లీ వేయండి. ఖాతాలో డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక్కడ తప్పంతా కుర్రాళ్లదే అని నేననను. ఫైలు పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌ని విండోస్ దాచిపెట్టడం ఇన్నేళ్లుగా డిఫాల్ట్ సెట్టింగుగా ఉండటం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గేముల రికార్డు పీజీఎన్ ఫైలుగా వస్తుంది, అది ఉత్త టెక్స్ట్, దాంతో ఏ ప్రమాదమూ లేదు. ఎవడో "ఫైనల్ డాట్ పీజీఎన్ డాట్ ఈఎక్స్‌ఈ" అని పేరు పెట్టి, గుర్రం బొమ్మ ఐకాన్ తగిలించి పంపితే, తెర మీద కనిపించేది "ఫైనల్ డాట్ పీజీఎన్" మాత్రమే. డబుల్ క్లిక్ చేసిన పిల్లాడు ఏం తప్పు చేశాడు? చూడాల్సిన ఆ చివరి ముక్కనే దాచేశారు. తెర శుభ్రంగా కనిపించాలని ఎవరో తీసుకున్న నిర్ణయానికి ఇన్ని ఇళ్లలో కంప్యూటర్లు పాడవుతున్నాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి ఈరోజే టిక్ పెట్టండి. మీ ఇంట్లో, మీ హాస్టల్లో ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ పెట్టండి.

ఇక మీరు అడిగినవి. విండోస్ మళ్లీ వేశాక, టోర్నీ కోసం అడ్మిన్ హక్కుల్లేని వేరే యూజర్ అకౌంట్ తెరిచి, అందులోనే ఆడించండి. ఆ అకౌంట్ బ్రౌజర్‌లో ఎక్కడా లాగిన్ కావద్దు.

టైమ్ అయిపోవడానికి చాలాసార్లు కారణం అత్యాశే. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లుంటే, టాస్క్ మేనేజర్ ఒక్కో కోర్‌ని రెండుగా లెక్కేసి ఎనిమిది చూపిస్తోందని ఒకేసారి ఎనిమిది గేములు పెడతారు. పాండరింగ్ (ఎదుటివాడి వంతులో కూడా ఆలోచించడం) ఆపేసి, ఇంజిన్‌కి ఒక థ్రెడ్ చొప్పున, అంటే ఒక కోర్ మాత్రమే వాడేలా, మూడు గేములు పెట్టండి. నాలుగో కోర్ సిస్టమ్ పనులకి వదిలేయండి. హ్యాష్, అంటే ఇంజిన్ చూసిన పొజిషన్లు గుర్తుపెట్టుకునే మెమరీ, విషయంలోనూ ఇంతే. ఇంజిన్‌కి 1024 ఎంబీ ఇచ్చి నాలుగు గేములు ఒకేసారి ఆడిస్తే, గేముకి రెండు ఇంజిన్లు కాబట్టి మొత్తం 8 జీబీ. మీ ల్యాప్‌టాప్ ర్యామే 8 జీబీ. ఇక మెమరీ డిస్కు మీదకి పోతుంది, ఇంజిన్ ఎత్తు వెతుక్కునేలోపు గడియారం అయిపోతుంది. ఒక నిమిషం, ఎత్తుకి 0.6 సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకీ కలిపే అదనపు టైమ్) ఉన్న గేముకి 64 ఎంబీ సరిపోతుంది. ఇంక్రిమెంట్ లేని టైమ్ కంట్రోల్ అసలు పెట్టకండి. స్టాక్‌ఫిష్‌లో మూవ్ ఓవర్‌హెడ్ (ఎత్తు చేరడంలో ఆలస్యానికి పక్కన పెట్టే టైమ్) 10 మిల్లీసెకన్లు ఉంటుంది, దాన్ని 100 చేయండి.

మొదలవగానే ఆగిపోయేవి మీ ప్రాసెసర్‌కి సరిపడని బిల్డులు (ఒక్కో రకం ప్రాసెసర్ కోసం విడిగా చేసిన ఫైళ్లు) అయ్యుండొచ్చు. ఏవీఎక్స్2 అనే వేగవంతమైన లెక్కల సదుపాయం ఉన్న ప్రాసెసర్ల కోసం చేసిన ఫైలు పాత వాటి మీదా, కొన్ని చౌక రకాల మీదా నడవదు. అది అక్కర్లేని పాప్‌కౌంట్ బిల్డు తెచ్చుకోండి. అయినా ఆగిపోతే, ఇంజిన్‌తో పాటు ఉండాల్సిన న్యూరల్ నెట్‌వర్క్ ఫైలు అదే ఫోల్డర్లో ఉందో లేదో చూడండి.

"నమస్కారం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర పిల్లలకి చెస్ నేర్పుతుంటాను. సిరిమానోత్సవం సెలవుల్లో వాళ్లకి చూపిద్దామని రెండు ఇంజిన్ల మధ్య 20 గేములు పెట్టాను. 11-9 వచ్చింది. మొదటిదే బలమైందని చెప్పొచ్చా?"

చెప్పకూడదు, మాస్టారూ. సగం గేములు డ్రా అయ్యాయనుకుందాం. ఆ లెక్కన 20 గేముల్లో 11-9 అంటే, ఆ మొదటి ఇంజిన్ నిజానికి 70 ఎలో పాయింట్లు (ఆట బలాన్ని కొలిచే రేటింగ్) వెనకబడి ఉండొచ్చు, 150 పాయింట్లు ముందూ ఉండొచ్చు. వంద గేములు ఆడించినా అటూ ఇటూ యాభై పాయింట్ల దాకా తేడా ఉంటుంది. వెయ్యి గేములకి అది పదిహేనుకి తగ్గుతుంది. స్టాక్‌ఫిష్ వాళ్లు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు నడుపుతున్నారు. ఎక్కడెక్కడివాళ్లో తమ కంప్యూటర్లు అరువిస్తే, కోడులో చిన్న మార్పుకి కూడా వేల గేములు ఆడించి చూస్తారు. మొదటి పరీక్షలో గేముకి 10 సెకన్లు, ఎత్తుకి 0.1 సెకను మాత్రమే ఇస్తారు. ఎక్కువ టైమ్ ఇచ్చి నాలుగు గేములు ఆడించడం కంటే, తక్కువ టైమ్‌లో నాలుగు వేలు ఆడిస్తేనే బలం తేలుతుంది.

ఇంకో మాట. మీ గేములన్నీ మామూలు ఆరంభ స్థితి నుంచే మొదలయ్యాయా? అలాగైతే పీజీఎన్ తెరిచి చూడండి, మొదటి పది పదిహేను ఎత్తులు చాలా గేముల్లో ఒకేలా ఉంటాయి. ఒకే గేమ్ పదిసార్లు ఆడించి పది గేములని లెక్క కట్టకూడదు కదండీ. ఓపెనింగ్ బుక్ (రకరకాల ఆరంభ ఎత్తులున్న ఫైలు) పెట్టి, ప్రతి ఓపెనింగ్‌నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించండి. నేటి ఇంజిన్ల బలానికి సమానమైన ఓపెనింగులు ఇస్తే దాదాపు అన్నీ డ్రాలే. అందుకే ఇంజిన్ల మధ్య 2010 నుంచి నడుస్తున్న టీసెక్ పోటీల్లో ఒక పక్షానికి మొగ్గున్న ఓపెనింగులే ఎక్కువగా ఇస్తారు, రెండు ఇంజిన్లూ రెండు వైపులా ఆడాల్సిందే.

ఇది పిల్లలకి చాలా మంచి పాఠమని నా అభిప్రాయం. ఒకే ఓపెనింగ్‌లో తెల్లవాటితో గెలిచిన ఇంజిన్, నల్లవాటితో ఆ స్థితిని ఎలా నిలబెట్టుకుందో జంట గేములు పక్కపక్కన పెట్టి చూపించండి. ఎవరు ఎన్ని గెలిచారన్నది పక్కన పెట్టేయండి.

ల్యాప్‌టాప్ గురించి కూడా చెప్పాలి. సన్నగా ఉండాలన్న పిచ్చిలో చేసిన ల్యాప్‌టాప్‌లు పది నిమిషాలు పూర్తి వేగంతో పనిచేస్తే వేడెక్కి, తమంతట తామే వేగం తగ్గించేసుకుంటాయి. పెట్టె మీద వేసిన గిగాహెర్ట్జ్ అంకె ఆ మొదటి కొద్ది నిమిషాలదే. మన ఉక్కపోతలో మధ్యాహ్నం మూడింటికి ఆడిన గేమూ, తెల్లవారుజామున ఆడిన గేమూ ఒకే యంత్రం మీద ఆడినట్టు కాదు. పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి తగ్గించండి. చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో, అంటే కాసేపు మామూలు కంటే వేగంగా పరిగెత్తడం, ఆగిపోయి, వేగం కొంచెం తగ్గినా మొదటి గేము నుంచి చివరి దాకా నిలకడగా ఉంటుంది.

"సార్, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ రాస్తాను. రాత్రి ఆఫీసు కంప్యూటర్‌లో ఇంజిన్లకి 500 గేములు పెట్టి వెళ్తే, పొద్దున్నకి అప్‌డేట్ పడి దానంతట అదే రీస్టార్ట్ అయి ఉంది. 212 గేముల దగ్గర ఆగిపోయింది. ఇది ఆపేదెలా?"

యజమాని ఇంట్లో నిద్రపోతుంటే పని చేస్తున్న కంప్యూటర్‌ని అడగకుండా ఆపేసే అప్‌డేట్లంటే నాకూ కోపమే. యాక్టివ్ అవర్స్ అని ఒక సెట్టింగ్ ఇచ్చారు, అదీ రోజుకి 18 గంటలే. మిగతా ఆరు గంటలు కంప్యూటర్ ఎవరిదనుకోవాలి? సెక్యూరిటీ అప్‌డేట్ తప్పనిసరిగా వేసుకోవాలి, అందులో రెండో మాట లేదు. వేసే వేళ మాత్రం మనిషి చేతుల్లో ఉండాలి. ప్రస్తుతానికి టోర్నీ పెట్టే ముందు సాయంత్రమే అప్‌డేట్ మీరే వేసి రీస్టార్ట్ చేయండి, తర్వాత వారం రోజులు పాజ్ పెట్టండి. ఆ వారం అయ్యాక మళ్లీ పాజ్ పొడిగించకండి.

కానీ అది ఆఫీసు కంప్యూటర్ అన్నారు. ట్యాలీ, జీఎస్టీ లాగిన్, యజమాని డిజిటల్ సంతకం అన్నీ అందులోనే ఉంటాయి కదా. పైన రాజాం కుర్రాళ్లకి చెప్పిందంతా మీకు పదింతలు వర్తిస్తుంది. ఇంజిన్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో మీరు రాయలేదు. ఎక్కడివైనా సరే, అందులోంచి ఇవాళే తీసేయండి, పూర్తి స్కాన్ చేయించండి. డిజిటల్ సంతకం డాంగిల్ పని లేనప్పుడు తీసి బీరువాలో పెట్టండి. ఇంజిన్లకి ఇంట్లో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ చాలు. చిన్న యూపీఎస్ తగిలిస్తే కరెంటు పోయినా గేము మధ్యలో ఆగదు. ఆ 212 గేముల పీజీఎన్ దాచుకోండి గానీ కొత్తవాటితో కలపకండి. యంత్రం మారితే వేగమూ మారుతుంది. ఒకటో గేము నుంచి మళ్లీ మొదలుపెట్టండి.