జపాన్‌లో హలాల్ వంటిల్లు: మాంసం కన్నా పొట్లాల మీదే కన్నుండాలి

మీ వారికి టోక్యోలో ఉద్యోగం వచ్చిందని, అక్కడ ఇంట్లో హలాల్ వంట సాగుతుందా లేక మాంసం మానేసి కూరగాయలతోనే సరిపెట్టుకోవలసి వస్తుందా అని మీరు అడిగారు. మేము నంద్యాల నుంచి వచ్చి, టోక్యో తూర్పు వైపున భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో కొన్నేళ్లుగా కాపురం ఉంటున్నాం కాబట్టి మా అనుభవంలోనిదే చెబుతాను. మాంసం గురించి బెంగ అక్కరలేదు. అసలు చిక్కంతా బ్రెడ్డు, బిస్కట్టు, కరీ ముద్ద, సోయా సాస్ వంటి వాటితోనే, అంటే మాంసం ఉంటుందని మనం అనుకోని పొట్లాలతోనే వస్తుంది.

షిన్ ఓకుబో స్టేషన్‌కు దగ్గరలో ఒక సందు నిండా దక్షిణాసియా వారి కిరాణా కొట్లు ఉన్నాయి. హలాల్ మటన్, చికెన్‌తో పాటు కందిపప్పు, చింతపండు కూడా అక్కడ దొరుకుతాయి. గ్యోము సూపర్ అనే చవక దుకాణాలలో బ్రెజిల్ నుంచి వచ్చే ఫ్రోజెన్ చికెన్ కొన్ని రకాలపై హలాల్ ముద్ర ఉంటుంది. అయితే ముద్ర లేని రకం కూడా అదే ఫ్రీజర్‌లో ఉండవచ్చు కాబట్టి ప్రతి పొట్లాన్నీ తిప్పి చూడాలి. మటన్ ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లది. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే గడ్డ కరగకుండా కొరియర్‌లో ఇంటికే వస్తుంది. అందుకే ఫ్రిజ్ కొనేటప్పుడు ఫ్రీజర్ అర పెద్దదిగా ఉన్నది చూసుకోండి. ఊళ్లో కళ్లముందు జబహ్ చేయించి, అంటే హలాల్ పద్ధతిలో కోయించి తెచ్చుకున్న కోడి రుచి దీనికి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కిందికి దించి, పొద్దున నీరంతా పిండేసి, ఆ తరువాతే పెరుగు, మసాలా పట్టిస్తే బిర్యానీ అడుగు నీళ్లు కారకుండా ఉంటుంది.

ఇక పొట్లాల విషయం. యూరప్‌లో లాగా ఇక్కడ పదార్థాలకు ఇచ్చే ఈ-నంబర్లు ఉండవు, పదార్థాల పేర్లన్నీ జపనీస్‌లోనే రాస్తారు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు గానీ, వంపు తిరిగిన డబ్బా మీద చిన్న అక్షరాలను అది తరచూ తప్పు చదువుతుంది. అందువల్ల రెండు అక్షరాలను చూపుతో పట్టడం నేర్చుకోండి. పందికి రాసే ‘బుతా’ అక్షరంలో ఎడమ పక్కన చంద్రుడికి రాసే గుర్తు ఉంటుంది, మద్యానికి రాసే అక్షరంలో ఎడమ పక్కన మూడు నీటి చుక్కలు ఉంటాయి. ఆ తరువాత చెవికి అలవాటు చేసుకోవలసినవి రాడో అంటే పంది కొవ్వు, జెరాచిన్ అంటే జెలటిన్, షోటోనింగు అంటే బేకరీలో వాడే గట్టి కొవ్వు షార్టెనింగ్, న్యూకాజై అంటే నూనెనూ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్. షోటోనింగు, న్యూకాజై మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. న్యూకాజై పక్కన ‘దాయిజు యురాయి’ అని ఉంటే అది సోయా నుంచి తీసినదని అర్థం. ఏమీ రాయకపోతే డబ్బా మీద ఉన్న కస్టమర్ నంబరుకు ఫోన్ చేయడమే మార్గం. మా వారు ఒకసారి ఒక బ్రెడ్డు కంపెనీకి ఫోన్ చేస్తే, అవతల ఉన్నావిడ విసుక్కోకుండా వివరమంతా రాసుకుని, సాయంత్రం తానే ఫోన్ చేసి మరీ, అందులో వాడేది పామాయిల్ నుంచి తీసినదని చెప్పింది.

అలర్జీ గడి చూసి నిశ్చింతగా ఉండిపోకండి. గోధుమ, గుడ్డు, పాలు, రొయ్య వంటివి అందులో తప్పనిసరిగా రాయాలి గానీ, పంది మాంసం, జెలటిన్ రాయమని సిఫార్సు మాత్రమే ఉంది. కనబడితే వద్దనుకోవడానికి ఆ గడి పనికొస్తుంది, కనబడనంత మాత్రాన అవి లేవని కాదు. ఇక్కడి పిల్లలు ఇష్టంగా తినే కరీ ముద్ద పెట్టెలలో చాలావాటిలో ఆవు కొవ్వు, పంది కొవ్వు కలిపిన నూనె ఉంటుంది. మన మసాలా మనం నూరుకుంటాం కాబట్టి ఆ నష్టం మనకు పెద్దగా తెలియదు.

మద్యం సంగతి ఇంకా సూక్ష్మమైనది. వంటలో వేసే తియ్యటి బియ్యపు మద్యం మిరిన్, వంటకు వాడే బియ్యపు మద్యం సాకే స్పష్టంగా మద్యమే, వాటిని ఇంట్లోకి రానివ్వం. సోయా సాస్‌ను పులియబెట్టేటప్పుడు సహజంగా పుట్టే కాస్త ఆల్కహాల్‌ను చాలామంది పండితులు దోషంగా చూడరు గానీ, నిలవ ఉండటానికి విడిగా కలిపితే లేబుల్ మీద ‘షుసెయి’ అనో ఆల్కహాల్ అనో ఉంటుంది, అది లేని సీసానే మేము కొంటాం. బియ్యపు వెనిగర్‌తో ఇబ్బంది లేదు, సుషీ కోసం సిద్ధం చేసి అమ్మే వెనిగర్‌లో మాత్రం మిరిన్ కలిసి ఉండవచ్చు.

పాత సామాన్ల కొట్టులో కొన్న గిన్నెల గురించి కూడా మీరు అడిగారు. గ్రంథ ప్రజల, అంటే యూదులు, క్రైస్తవుల పాత్రలలో తినవచ్చా అని ప్రవక్త సహచరుడు అబూ సాలబా అల్ ఖుషనీ అడిగినప్పుడు, వేరేవి దొరికితే వాటిలో తినవద్దని, దొరకకపోతే కడిగి తినమని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. పాత గిన్నెలలో అంతకుముందు ఏం వండారో మనకు తెలియదు, అందుకని మేము పొయ్యి పాతదే కొన్నాం గానీ, వంట గిన్నెలు కొత్తవే తీసుకున్నాం. చేపల విషయంలో ఇక్కడ స్వర్గమే. రొయ్యలు, స్క్విడ్ మాత్రం హనఫీ, షాఫియీ మజ్‌హబ్‌లను, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలను బట్టి మారతాయి కాబట్టి మీ ఇంటి ఆచారమే పాటించండి.

మా పక్క వాటాలోని తెలుగువారు పూర్తి శాకాహారులు. మేము పంది కొవ్వు కోసం వెతికే లేబుల్‌లోనే వారు చేపల రసం కోసం, అంటే దాషీ కోసం వెతుకుతారు. కొత్త బిస్కట్టు ఏది దొరికినా రెండు ఇళ్లవాళ్లమూ కలిసే చదువుతాం.

పిల్లలను బడిలో వేస్తే మధ్యాహ్న భోజనం పట్టిక నెల ముందే ఇంటికి వస్తుంది. టీచరుతో మాట్లాడుకుని, అభ్యంతరం ఉన్న రోజున డబ్బా కట్టి పంపవచ్చు. బక్రీద్‌కు ఖుర్బానీ ఇంట్లో కుదరదు, మేకనైనా గొర్రెనైనా సాధారణంగా అనుమతి ఉన్న కబేళాలోనే కోయాలని చట్టం ఉంది. మేము డబ్బు నంద్యాలకు పంపుతాం, అన్నయ్య అక్కడ ఇప్పిస్తాడు.

చివరగా సామాను గురించి ఒక మాట. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి సీసాలు పెట్టెలో పెట్టుకోకండి. తనిఖీ పత్రం లేని మాంసపు పదార్థాలను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే భారీ జరిమానా కూడా పడవచ్చు. ఆవకాయ తెచ్చుకోండి, చికెన్ పచ్చడి ఇక్కడి హలాల్ చికెన్‌తోనే పెట్టుకోవచ్చు. అయితే సూపర్ మార్కెట్‌లో మామూలుగా కనిపించే నువ్వుల నూనె వేయించిన గింజలది, దాని వాసన పచ్చడికి నప్పదు, ‘తైహకు’ అని రాసి ఉన్న లేత రంగు సీసా తీసుకోండి.