రిజిస్ట్రీ క్లీనర్‌కు డబ్బు కట్టకండి

అన్నా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి మీ డీటీపీ షాపులో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందనీ, ఉచితంగా దించుకున్న క్లీనర్ వందలాది రిజిస్ట్రీ తప్పులు చూపించి, బాగుచేయడానికి డబ్బు అడుగుతోందనీ రాశారు. కట్టకండి.

రిజిస్ట్రీ అంటే విండోస్, ఇతర ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసిపెట్టుకునే పద్దు. తీసేసిన ప్రోగ్రాముల ఎంట్రీలు కొన్ని అందులో మిగిలిపోతాయి. తప్పులంటూ మిమ్మల్ని బెదిరిస్తున్నవి చాలావరకు ఇవే. విండోస్ తనకు కావలసిన ఎంట్రీని నేరుగా తీసుకుంటుంది కాబట్టి ఇవి పడి ఉన్నా వేగం తగ్గదు. సగం తొలగిన ప్రోగ్రాం మళ్లీ ఇన్‌స్టాల్ కానని మొరాయిస్తే మాత్రం పాత ఎంట్రీ తీయడం పనికొస్తుంది. అదీ ఆ ఒక్కదాన్నే.

నష్టం మీలాంటివారికే ఎక్కువ. పెళ్లిపత్రికలకు వాడే పాత పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్ సాఫ్టువేర్ల వివరాలు రిజిస్ట్రీలో ఉంటాయి. క్లీనర్ వాటిని చెత్త అనుకుని ఊడ్చేస్తే, సరిగ్గా శ్రావణమాసం గిరాకీ వేళ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పాత సీడీ కోసం బీరువాలన్నీ వెతకాలి! ఇలాంటి సాధనాలను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. ఈ సాధనాల్లో ఎంతో పేరున్న సీక్లీనర్‌లోకే 2017లో హ్యాకర్లు హానికర కోడ్ చొప్పించారు.

ముందు ఆ క్లీనర్‌ను తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ తెరిచి, కంప్యూటర్ వేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల్లో అనవసరమైనవి ఆపండి. సీ డ్రైవ్ నిండిపోయిందేమో చూడండి. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, క్లీనర్‌కు పెట్టే డబ్బుకు మరికొంత కలిపి, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. క్లీనర్ ఇప్పటికే ఏమైనా తొలగించి, ఏదైనా పనిచేయకపోతే, విండోస్ సెట్టింగులను పాత తేదీకి వెనక్కి తీసుకెళ్లే సిస్టమ్ రిస్టోర్‌లో అంతకుముందు తేదీ దొరుకుతుందేమో చూసి చెప్పండి.