నీళ్ల మీద వేసవి: రోయింగ్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పదమూడు వారాల్లో నాకు మూడు రేసులున్నాయి, ఐదో వారం, తొమ్మిదో వారం, పదమూడో వారం. ఎర్గ్ (ఒడ్డున రోయింగ్ సాధన చేసే యంత్రం) మీద 2,000 మీటర్లు సరిగ్గా 7 నిమిషాల్లో లాగుతాను. నిరుడు మొదటి రేసు బాగా వచ్చింది. మూడోదానికొచ్చేసరికి కాళ్లలో పస లేదు. సాధన మానింది లేదు, రోజూ కష్టపడే చేశాను. ఎక్కడ బెడిసికొట్టింది?

జవాబు: రోజూ కష్టపడటం దగ్గరే బెడిసికొట్టింది. 2,000 మీటర్ల రేసుకు కావలసిన శక్తిలో దాదాపు మూడొంతులు ఆక్సిజన్ సాయంతో పుట్టేదే. అది పెరిగేది తేలికపాటి దూరాలతో. వారంలో ఐదారు సార్లు నీళ్లలోకి దిగేవారికి నాలుగు సార్లు తేలికగా, రెండు సార్లు గట్టిగా ఉండాలి. చాలామంది చేసేది ఈ రెంటికీ మధ్యరకం. అలసట మిగులుతుంది గానీ వేగం పెరగదు.

మీ లెక్కే చూద్దాం. 7 నిమిషాలంటే స్ప్లిట్ (500 మీటర్లకు పట్టే సమయం) 1:45, అంటే సుమారు 302 వాట్లు. తేలిక రోజున ఇందులో 55 నుంచి 60 శాతం చాలు. అది 2:05 నుంచి 2:08 మధ్య స్ప్లిట్, స్ట్రోక్ రేటు (నిమిషానికి ఎన్నిసార్లు లాగుతున్నారన్నది) 18 నుంచి 20. పక్కన ఎవరో 2:00 లాగుతున్నారని మీరూ 2:00కి వెళ్తారు. తెర మీద అది అయిదు సెకన్లే. కానీ శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది కాబట్టి 179 వాట్లు కాస్తా 203 అవుతుంది. గంటసేపు ఆ అదనపు భారం మోస్తే మర్నాటి గట్టి సాధనకు ఒంట్లో ఏమీ మిగలదు. స్ప్లిట్ మీద నమ్మకం లేకపోతే మాట్లాడి చూడండి. ఆయాసపడకుండా ఓ నిండు వాక్యం చెప్పగలిగితే అది తేలిక రోజే.

గట్టి రోజులు రెండూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మంగళవారం 12 నిమిషాల చొప్పున మూడు సార్లు, మధ్యలో 4 నిమిషాల విరామం, రేటు 24, స్ప్లిట్ 1:53 నుంచి 1:56. శుక్రవారం రేసు వేగం. మొదటి నాలుగు వారాలు రేటు 28తో 2 నిమిషాల చొప్పున ఎనిమిది సార్లు లాగండి. ఆ తర్వాత 500 మీటర్లు ఆరు సార్లు, రేసు రేటులో, మధ్యలో 5 నిమిషాల విరామంతో. నాలుగో దాని స్ప్లిట్ మొదటిదానికంటే రెండు సెకన్లకు మించి జారితే అక్కడికి ఆపేయండి. పడిపోయిన వేగంతో మిగిలిన రెండూ పూర్తిచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మూడు రేసులకూ ఒకేలా సిద్ధం కావాలనుకోవడం ఇంకో పొరపాటు. మొదటిదాన్ని పరీక్షగా తీసుకోండి, ముందు రెండు రోజులు దూరం తగ్గిస్తే సరిపోతుంది. రెండోదానికి నాలుగైదు రోజులు. అసలు తగ్గింపు మూడోదానికి. పది రోజులపాటు కిలోమీటర్లు క్రమంగా సగానికి దించండి, రేసు వేగంతో చేసే చిన్న ముక్కలను మాత్రం వదలొద్దు. దూరంతోపాటు వేగాన్నీ తగ్గించేవాళ్లు రేసు రోజున మొద్దుబారి కనిపిస్తారు. తగ్గింపులో నాలుగో రోజో ఐదో రోజో ఒళ్లు బరువుగా అనిపించడం మామూలే. అప్పుడు కంగారుపడి ఓ పెద్ద సాధన చేశారా, పది రోజుల పనీ వృథా.

ప్రశ్న: ఎండల్లో 70 నిమిషాలు లాగితే చివరికొచ్చేసరికి గుండె వేగం నిమిషానికి 15 కొట్టుల దాకా పెరుగుతోంది, స్ప్లిట్ మాత్రం అదే. స్ప్లిట్ చూసుకోవాలా, గుండె వేగమా? నీళ్లు ఎన్ని తాగాలి?

జవాబు: తేలిక రోజున గుండె వేగాన్నే చూడండి, స్ప్లిట్ జారితే జారనివ్వండి. వేడికి రక్తంలో కొంత భాగం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తపు పరిమాణం కూడా తగ్గుతుంది. ఒక్కో కొట్టుకు గుండె పంపే రక్తం తగ్గేసరికి ఆ లోటు పూడ్చడానికి అది వేగం పెంచుతుంది. స్ప్లిట్ పట్టుకుని వేలాడితే తేలిక రోజు మీకు తెలియకుండానే గట్టి రోజైపోతుంది. గట్టి రోజున పద్ధతి వేరు. దాన్ని తెల్లవారుజాముకు మార్చి, అనుకున్న వేగంలోనే పూర్తిచేయండి.

వేడికి ఒళ్లు అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగు రోజులు ఎండలో 30 నుంచి 60 నిమిషాలకు మించకుండా, తేలికగానే లాగండి. అలవాటైతే చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అంటే నీళ్ల అవసరం తగ్గదు, పెరుగుతుంది. అలవాటుపడ్డాం కదా అని సీసా ఒడ్డున వదిలి వెళ్లేవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఎన్ని నీళ్లన్నది త్రాసు చెప్పాలి, పక్కవాడి సీసా కాదు. సాధనకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని, తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. ముందు 62.4 కిలోలు, 90 నిమిషాల తర్వాత 60.9, మధ్యలో తాగింది 750 మి.లీ. అనుకుందాం. తగ్గిన కిలోన్నరకు తాగిన ముప్పావు లీటరు కలిపితే పోయిన చెమట 2.25 లీటర్లు, గంటకు లీటరున్నర. పడవలో అంతా భర్తీ చేయడం కుదరదు, అవసరమూ లేదు. బరువు 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. ఒడ్డుకొచ్చాక తగ్గిన ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 లీటర్ల చొప్పున, కొన్ని గంటల్లో నెమ్మదిగా తాగండి. గంట దాటే సాధనకు లీటరు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు, అంటే దాదాపు 1.5 గ్రాములు కలపండి. బరువు తగ్గకపోగా పెరిగిందంటే అతిగా తాగారని అర్థం. రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు.

వేడిలో లాగుతున్నవారు తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా అది అలసట అనుకోవద్దు, వడదెబ్బగానే తీసుకోండి. వెంటనే అత్యవసర వైద్యసాయానికి కబురుచేసి, తల నీళ్లపైన ఉండేలా పట్టుకుని మెడ వరకు చల్లటి నీళ్లలో ఉంచండి. ముందు ఒళ్లు చల్లార్చాలి, ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాత.

ప్రశ్న: సింగిల్ స్కల్ (ఒక్కరే రెండు తెడ్లతో లాగే పడవ) లాగుతాను. ఎదురుగాలిలో తెడ్డు బండరాయిలా ఉంటుంది, రేటు 30 దాటదు. రిగ్గింగ్‌లో (తెడ్ల అమరికలో) ఏం మార్చాలి?

జవాబు: ముందు ఇప్పుడున్న కొలతలు రాసుకోండి. కొలవకుండా మార్చినదాన్ని వెనక్కి తేలేరు. సింగిల్‌లో స్పాన్ (తెడ్లను పట్టి ఉంచే రెండు ఓర్‌లాక్‌ల మధ్య దూరం) 158 నుంచి 160 సెం.మీ., తెడ్డు మొత్తం పొడవు 284 నుంచి 290, ఇన్‌బోర్డ్ (పిడి చివర నుంచి, తెడ్డుకు బిగించిన కాలర్ అనే పట్టీ దాకా ఉండే భాగం) 87 నుంచి 88.5 వరకు ఉండటం మామూలు. ఎదురుగాలికి స్పాన్ జోలికి పోవద్దు. అది రేసుకు రేసుకు మార్చేది కాదు. తెడ్డు కాలర్‌కూ ఓర్‌లాక్‌కూ మధ్య తొడిగే సెంటీమీటరు మందం ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. తెడ్డుకు ఒకటి చొప్పున పెడితే ఇన్‌బోర్డ్ సెం.మీ. పెరుగుతుంది, బయటి భాగం అంతే తగ్గుతుంది, లాగు తేలికవుతుంది. నీళ్లలో ఉండగానే పెట్టొచ్చు, తీయొచ్చు. ఒక చిక్కుంది. మధ్యలో చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటే వెడల్పు 2 సెం.మీ. పెరుగుతుంది. ఇప్పటికే పిడికిళ్లు గీరుకుంటుంటే క్లిప్పులకు బదులు తెడ్డు మొత్తం పొడవునే ఓ సెంటీమీటరు తగ్గించండి. పిడికిళ్లు గీరుకోకుండా ఎడమ చేతి వైపు ఓర్‌లాక్ కుడిదానికంటే సెం.మీ. ఎత్తులో ఉందా అన్నదీ చూసుకోండి. ఎడమ చేయి పైన ఉండేలా లాగేవారికే ఈ లెక్క.

గాలి నెపంతో బయటపడే లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. బ్లేడు (నీళ్లలో దిగే తెడ్డు పలక) లోతుకు దూసుకుపోతుంటే పిచ్ (బ్లేడు వాలు) తక్కువైనట్టు, లాగు సగంలోనే నీళ్లలోంచి జారి బయటికొస్తుంటే ఎక్కువైనట్టు. 4 డిగ్రీలు దాదాపు అందరికీ సరిపోతుంది. ఒకేరోజు రెండు మార్పులు చేయొద్దు, ఏది పనిచేసిందో తేలదు.

గాలిలో వచ్చిన సమయాన్ని చూసి బెంగపడొద్దు కూడా. 2017లో పోలండ్‌లోని పోజ్నాన్‌లో న్యూజిలాండ్‌కు చెందిన రాబీ మాన్సన్ సింగిల్ స్కల్‌ను 6:30.74లో ముగించాడు, అదే పోటీల్లో జర్మనీ ఎయిట్ (ఎనిమిది మంది లాగే పడవ) 5:18.68 లాగింది. రెండింటికీ వెనకగాలి తోడైంది. నీళ్లూ గాలీ ప్రతి చోటా వేరు కాబట్టే ఈ క్రీడలో రికార్డు అనకుండా అత్యుత్తమ సమయం అంటారు. మీ పక్క లేన్‌తో తేడా చూసుకోండి, గడియారంతో కాదు.

ప్రశ్న: అరచేతుల్లో బొబ్బలు తగ్గడం లేదు. గ్లవ్స్ వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. గ్లవ్స్‌తో పిడి మందమవుతుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. బొబ్బలు ఎక్కడున్నాయో చూడండి. వేళ్ల మొదట్లో ఉంటే కొంతవరకు మామూలే. అరచేతి మధ్యలో ఉంటే పిడిని పిడికిట్లో బిగిస్తున్నారు. తెడ్డు వేళ్ల కొక్కెంలో ఉండాలి, బొటనవేలు పిడి చివర. బ్లేడు తిప్పడం వేళ్లతో జరగాలి, మణికట్టు వంచి కాదు. పగలని బొబ్బ పైతోలు తీయకండి. పగిలితే సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, టేపు వేయండి. పిడులను సాధన కాగానే సబ్బునీళ్లతో కడగాలి, ముఖ్యంగా నలుగురూ వాడే తెడ్లు. సన్‌స్క్రీన్ రాసుకున్న చేత్తో పిడి పట్టుకుంటే జారుతుంది, జారిన కొద్దీ బిగిస్తారు. అందుకే అది రాసుకున్నాక అరచేతులు కడుక్కోండి. నీళ్ల మీద నుంచి ఎండ కిందనుంచి పైకి తగులుతుంది కాబట్టి గడ్డం కింద రాయడం మరవొద్దు. తొడల పైభాగం, పాదాల పైభాగం కూడా.

ప్రశ్న: పక్కటెముకల దగ్గర ఓ చోట రెండు వారాలుగా నొప్పి. దగ్గినా, ఆ వైపు తిరిగి పడుకున్నా పోటు. కండరం పట్టిందనుకుని లాగుతూనే ఉన్నాను.

జవాబు: ఇవాళే ఆపండి, క్రీడా వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఒకే చోట వేలు పెట్టి చూపగలిగే నొప్పి, దగ్గులో, దీర్ఘశ్వాసలో పోటు, పక్కకు తిరిగి పడుకోలేకపోవడం పక్కటెముక స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారంతో ఎముకకు వచ్చే సన్న పగులు) లక్షణాలు. మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని మళ్లీ పడవెక్కొద్దు. తొందరగా ఆపితే నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ లాగొచ్చు, నెట్టుకొస్తే వేసవంతా పోతుంది. సాధారణంగా దీనికి ముందు ఏదో ఒకటి హఠాత్తుగా పెరిగి ఉంటుంది. కిలోమీటర్లు కావచ్చు, తక్కువ రేటులో బరువైన లాగులు కావచ్చు, ఎదురుగాలిలో వరసగా రోజులు కావచ్చు, ఎర్గ్ డంపర్‌ను (చక్రంలోకి వెళ్లే గాలిని మార్చే మీటను) 10 దాకా తిప్పడం కావచ్చు. డంపర్ అంకెకంటే డ్రాగ్ ఫ్యాక్టర్ (చక్రం లాగుకు ఎంత ఎదురు నిలుస్తోందో చెప్పే అంకె) చూడండి, 110 నుంచి 130 చాలు. లైట్‌వెయిట్ (బరువు పరిమితి ఉన్న విభాగం) బరువు కోసం తిండి తగ్గించేవారికి ఎముకలు బలహీనపడి ఈ గాయం సులువుగా వస్తుంది. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ప్రశ్న: రెండు రేసుల మధ్య మూడు గంటలు పడవ ఎండలో ట్రెసిల్స్ (పడవను నిలిపే స్టాండ్లు) మీదే ఉంటుంది. ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు: పడవ ముందు భాగంలో, వెనక భాగంలో ఉండే గాలి గదుల మూతలు తీసి ఉంచండి. మూసి ఉంచితే లోపలి గాలి వేడికి వ్యాకోచించి డెక్ అతుకుల మీద ఒత్తిడి పెడుతుంది. నీళ్లలో దిగేముందు మళ్లీ బిగించడం అంతకంటే ముఖ్యం. మూత లేని పడవ తిరగబడితే ఆ గది నీళ్లతో నిండుతుంది, తేలదు. పడవను బోర్లా ఉంచి పట్టీలతో కట్టండి, ఖాళీ సింగిల్ 14 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఓ మోస్తరు గాలికే లేస్తుంది. సీటు తీసి నీడలో పెట్టుకోండి.

ప్రశ్న: మొదటి 500లో ముందుంటాను, మూడో 500లో అందరూ దాటిపోతారు. నా లక్ష్యం 7:20.

జవాబు: 7:20కి సగటు స్ప్లిట్ 1:50. మీరు బహుశా మొదటి 500 మీటర్లు 1:43కి లాగుతున్నారు. ఆ ఏడు సెకన్ల అప్పు మూడో 500లో వడ్డీతో కట్టాల్సొస్తోంది. 1:48, 1:51, 1:51.5, 1:49.5 అని లాగి చూడండి, మొత్తం సరిగ్గా 7:20.

మొదటి ఐదు స్ట్రోకులు ముప్పావు, సగం, ముప్పావు, నిండు, నిండు పొడవులో లాగండి. తర్వాత పది స్ట్రోకులు రేటు 38 నుంచి 40. ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. తప్పేది పదహారో స్ట్రోకు దగ్గర. రేటు 33కి దిగాలి, ఒత్తిడి మాత్రం తగ్గకూడదు. సీటు ముందుకొచ్చేటప్పుడు నెమ్మదించి, కాళ్లతో తోసేటప్పుడు అదే బలం ఉంచండి. దీన్ని విడిగా సాధన చేయాలి. స్టార్టు నుంచి 30 స్ట్రోకులు, వారానికోసారి నాలుగు సార్లు, మధ్యలో 5 నిమిషాలు. 500 మీటర్లు దాటే వేళకు పక్కవాళ్లు పడవ పొడవు ముందుంటే ఉండనివ్వండి. 1,000 దాటాక పది స్ట్రోకులు కాళ్ల మీద దృష్టి పెట్టి లాగండి, 1,250 దగ్గర ఇంకో పది. చివరి 300లో రేటు ప్రతి పది స్ట్రోకులకూ ఒకటి చొప్పున పెంచండి. ఒక్కసారిగా 38కి ఎక్కిస్తే లాగు పొట్టిదై బ్లేడు నీళ్లలో ఇరుక్కుంటుంది, అలసిన చేతులతో దాన్ని విడిపించుకునేలోపు ఐదు సెకన్లు గల్లంతు.