హ్యామర్ కనిపించిన రోజు కొనకండి, మర్నాడు దాని హై దాటితేనే కొనండి

గాజువాకలో ఉంటూ షిఫ్ట్ డ్యూటీ చేస్తున్నానని, చార్ట్‌లో హ్యామర్, బులిష్ ఎన్‌గల్ఫింగ్ (ముందు రోజు ఎర్ర క్యాండిల్ బాడీని మింగేసే పెద్ద ఆకుపచ్చ క్యాండిల్) చూసి షేర్లు కొంటుంటే వరసగా స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా ముందే పెట్టుకునే అమ్మకం ధర) కొట్టేస్తోందని, అసలు ఈ ప్యాటర్న్‌లు పనిచేస్తాయా అని మీరు అడిగారు. నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఉద్యోగం చేసుకుంటూనే కొన్నేళ్లుగా డైలీ చార్ట్ మీద స్వింగ్ ట్రేడింగ్ (కొన్ని రోజులో, వారాలో ఉంచుకుని అమ్మడం) చేస్తున్నాను. నా అనుభవంలో పనిచేస్తాయి, కానీ ఆ క్యాండిల్ (చార్ట్‌లో ఒక రోజు ధర కదలికని చూపే గుర్తు) ఎక్కడ పడిందో చూసుకుంటేనే.

హ్యామర్ వచ్చిందంటే, అమ్మకాలకి ధర బాగా కిందికి పోయి, అక్కడ కొనేవాళ్లు గట్టిగా దిగి మళ్లీ పైకి లాక్కొచ్చారని. కింది విక్ (క్యాండిల్ కింద ఉండే సన్నని గీత) బాడీకి (ఓపెన్, క్లోజ్ ధరల మధ్య మందపాటి భాగం) కనీసం రెండింతలు ఉండాలి. అచ్చం ఇదే ఆకారం బాగా పెరిగిన షేర్‌లో పైన వస్తే హ్యాంగింగ్ మ్యాన్ అంటారు, అప్పుడది పడిపోతుందేమో చూసుకోమనే హెచ్చరిక. అందుకే నేను ముందు చార్ట్‌ని ఏడాది వెనక్కి జరుపుతాను. ఇదివరకు ఆ ధర దగ్గర షేర్ ఆగి పైకి తిరిగిందా? ఆ రోజు వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) మామూలు కంటే ఎక్కువ ఉందా? రెండూ లేకపోతే క్యాండిల్ ఎంత అందంగా ఉన్నా వదిలేస్తాను.

ఒక లెక్క చూడండి. షేర్ 410 దగ్గర ఓపెనై, 394 దాకా పడి, 415 హై (ఆ రోజు గరిష్ఠ ధర) చేసి 414 దగ్గర ముగిసింది అనుకుందాం. ఆ రోజు కొనను. మర్నాడు 415 దాటితే 416 దగ్గర కొంటాను, స్టాప్‌లాస్ 393. అంటే షేరుకి 23 రూపాయల రిస్క్. రెండు లక్షల పెట్టుబడిలో ఒక ట్రేడ్‌కి ఒక శాతం, అంటే 2,000 మించి పోకూడదనుకుంటే 86 షేర్లే వస్తాయి. మర్నాడు 430 దగ్గర గ్యాప్‌అప్ అయితే, అంటే ముందు రోజు ధర కంటే బాగా పైన ఓపెనైతే, రిస్క్ 37కి పెరుగుతుంది. అప్పుడు 54 షేర్లకి తగ్గించుకోవాలి, లేదా ఆ ట్రేడ్ మానేయాలి. నేను చాలాసార్లు మానేస్తాను.

డ్యూటీలో ఫోన్ చూడలేకపోతున్నానని బాధపడకండి, అది మీకే మంచిది. మధ్యాహ్నం రెండున్నరకి హ్యామర్‌లా కనిపించేది మూడున్నరకి పెద్ద ఎర్ర క్యాండిల్‌గా ముగియొచ్చు. సాయంత్రం ఇంటికొచ్చాక నింపాదిగా చార్ట్ చూసి జీటీటీ ఆర్డర్ (మీరు చెప్పిన ధర వచ్చినప్పుడే మార్కెట్‌కి వెళ్లే ఆర్డర్) పెట్టుకోండి. అయిదు నిమిషాల చార్ట్ జోలికి మాత్రం పోవద్దు. 2022-23లో క్యాష్ సెగ్మెంట్‌లో (నేరుగా షేర్లలో) ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మే ట్రేడింగ్, చేసిన ప్రతి పదిమంది వ్యక్తిగత ట్రేడర్లలో ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే చెప్పింది.

పెద్ద వార్త నడుస్తున్నప్పుడు ఈ ప్యాటర్న్‌లని నేను పట్టించుకోను. మన వైజాగ్ వాళ్లకి రొయ్యల సంగతి తెలిసిందే కదా. 2025 ఏప్రిల్ 2న అమెరికా సుంకాలు ప్రకటించాక రొయ్యల కంపెనీల షేర్లు ధబాల్న పడ్డాయి, 9న తొంభై రోజుల వాయిదా అనగానే లేచాయి. అలాంటి వారంలో సపోర్ట్ (ఇదివరకు షేర్ ఆగి పైకి తిరిగిన ధర) దగ్గర హ్యామర్ పడినా నమ్మలేం. రాత్రికి రాత్రి ఏదో ప్రకటన వస్తే పొద్దున ధర మీ స్టాప్‌లాస్ కిందే ఓపెనవుతుంది, అనుకున్న 2,000 కంటే ఎక్కువే పోతుంది. త్రైమాసిక ఫలితాల ముందు రోజు కూడా ఇంతే. ఆర్డర్ పెట్టే ముందు కంపెనీ రిజల్ట్స్ తేదీ ఒకసారి చూసుకోండి.