థాగమైజర్‌కి కొటేషన్ మార్కులెందుకు?

తమ్ముడూ,

డైనోసార్ల మీద నీ వ్యాసం చదివాను. వేటాడే అలోసారస్ తోక వెన్నుపూసలో స్టెగోసారస్ ముల్లు చేసిందనే కన్నం గురించి, ఆ గాయం కొంత మానిన గుర్తుల గురించి రాసిన పేరా బాగుంది. కానీ స్టెగోసారస్ తోక చివరి ముళ్లకు వాడే థాగమైజర్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా కొటేషన్ మార్కులు పెట్టి, ‘ఇది సరదాకి అనే మాట, క్షమించాలి’ అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఎవరు క్షమించాలి? 1982లో గ్యారీ లార్సన్ ఒక కార్టూన్ వేశాడు. గుహమానవుల క్లాసు. స్టెగోసారస్ తోక చివరి ముళ్లు చూపిస్తూ, వీటిని థాగమైజర్ అంటారు, కీర్తిశేషుడు థాగ్ సిమన్స్ పేరు మీద పెట్టాం అంటాడు మాస్టారు. ఆ జంతువు పోయిన కోట్ల ఏళ్లకు గానీ మనిషి పుట్టలేదు కాబట్టి అది జోకే. అయితే ఆ నాలుగు ముళ్లకూ కలిపి అప్పటిదాకా పేరే లేదు. 1993లో డైనోసార్ల శాస్త్రవేత్త కెన్ కార్పెంటర్ తోటి శాస్త్రవేత్తల సమావేశంలో ఒక స్టెగోసారస్ అస్థిపంజరం గురించి చెబుతూ ఆ మాటే వాడేశాడు. జాతి పేరు పెట్టాలంటే అంతర్జాతీయ నియమావళి ఉంది, ముందొచ్చిన పేరుదే హక్కు. శరీర భాగాలకు ఆ గొడవ లేదు. ఒకరు అన్నది పక్కవాళ్లకు అర్థమై వాళ్లూ రాస్తే చాలు. అలాగే మ్యూజియాలకూ, పరిశోధన పత్రాలకూ ఎక్కింది.

నా తొలి రోజుల్లో ‘తోక ముళ్లు’ అని రాస్తే, ఒక ఎడిటర్ గారు దాన్ని ‘పుచ్ఛాగ్ర కంటక సముచ్చయం’ చేసి అచ్చేశారు. పైగా వ్యాసం స్థాయి పెరిగిందని ఫోను! ఆ మాట మళ్లీ ఎక్కడా కనబడలేదు, ఆయన రాతల్లో కూడా. ఇప్పటి ఫ్యాషన్ దీనికి పూర్తిగా తిరగబడింది, ప్రతి ఎముకకీ ఓ మీమ్ పేరు. అదీ నాకు కిట్టదు. తొడ ఎముకకి పేరుంది కదా, ఇంకోటి ఎందుకు? పేరు లేనిచోటే కొత్త మాట నిలుస్తుంది.

అసలు నువ్వు జంకాల్సిన చోటు వేరే ఉంది. డైనోనికస్ అనే వేటాడే డైనోసార్ కాలి రెండో వేలి కొడవలి గోరును ‘చంపే గోరు’ అని ధీమాగా రాసేశావు. థాగమైజర్ అన్న పేరు ఆ ముళ్ల పని గురించి ఏమీ చెప్పదు, కాబట్టి ఎవరినీ తప్పుదారి పట్టించదు. ‘చంపే గోరు’ మాత్రం పేరులోనే తీర్పు ఇచ్చేస్తోంది. అది పొట్ట చీల్చడానికి కాదు, ఎరను కదలకుండా నొక్కిపట్టడానికి అని వాదించే శాస్త్రవేత్తలున్నారు. ఆ పేరా మళ్లీ రాసి పంపు. ఫొటోల అనుమతి సంగతి తర్వాత చూద్దాం.